మాతృభాష గడిలో ఏమి రాయించారు?



తెలుగు పంతులు ఖాళీ భర్తీ కాలేదని అర్జీలు పెడతాము. రాజ్యాంగం 350ఏ అధికరణాన్ని సభల్లో వల్లిస్తాము. జనగణనకు వచ్చిన ఉద్యోగి మాతృభాష అడగకుండానే తమిళమనో కన్నడమనో రాసుకుపోతే మాత్రం నోరు మెదపము. ఇదేమి పౌరధర్మం? (ఆ రాసేవారిలో చాలామంది బడిపంతుళ్ళే కావడం మరీ విడ్డూరం.)

"మాకు తెలుగు చదవను, రాయను రాదండీ" అని కొందరు సంకోచిస్తారు. అక్కడ అడిగేది అక్షరజ్ఞానం కాదు. బాల్యంలో తల్లి మీతో మాట్లాడిన భాషే మాతృభాష అని 2011 జనగణన నిర్వచనం. తెలిసిన మరి రెండు భాషలకు వేరే గడి ఉండనే ఉన్నది. తమిళం, ఇంగ్లీషు అందులో చేరతాయి. ఎవరికీ ద్రోహం జరగదు.

2011లో తెలుగును మాతృభాషగా చెప్పినవారు తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో సుమారు 36 లక్షలు. చెప్పనివారెందరో ఏ లెక్కకూ అందరు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని వేరొకటి చెప్పడం మొహమాటం కాదు, అబద్ధం. తెలిసినంతవరకు నిజమే చెప్పాలని 1948 నాటి జనగణన చట్టం విధించింది.

2027 జనగణనలో ఆ ఉద్యోగిని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. మాతృభాష గడిలో ఏమి నమోదు చేశారో చదివి వినిపించమని అడగండి.