అయిపోయిందిగా!

"అయిపోయిందిగా వదినగారూ, ఇంకేం చూస్తారు?"

ఈ మాట అన్నది మా మరిది. 2024 సెప్టెంబరు 24 రాత్రి, షికాగో దగ్గర మా చెల్లెలింట్లో. నేనూ, దాని పన్నెండేళ్ళ కొడుకూ టీవీ ముందు బాసింపట్లు వేసుకుని బేస్‌బాల్ చూస్తున్నాం. ఆడుతున్నది వాళ్ళ ఊరి జట్టు వైట్ సాక్స్. అప్పటికే ఆ ఏడు 120 ఆటలు ఓడిపోయారు. అచ్చుతప్పు కాదు, అక్షరాలా నూట ఇరవై! ఇంకొక్కటి ఓడితే 1962లో న్యూయార్క్ మెట్స్ మూటగట్టుకున్న అపజయాల రికార్డు కూడా బద్దలవుతుంది. ఆ రాత్రి కూడా ఏడు ఇన్నింగ్సులు అయ్యేసరికి 0-2తో వెనకబడే ఉన్నారు.

మా మరిది మంచివాడే. అన్నం ఆలస్యమవుతోందని అన్నాడు కాబోలు. అయినా ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకంటే అది నేను కొత్తగా వింటున్న మాట కాదు. నలభై దాటిన ఆడదానితో మన ఇళ్ళల్లో ఎన్ని రకాలుగా అంటారో ఈ మాటే! "పిల్లలు చేతికందొచ్చారు, నీకింకేం కావాలి?" "ఈ వయసులో సంగీతం నేర్చుకుని ఏ కచేరీ చేస్తావు?" "ఇప్పుడు ఎమ్మే కట్టి ఏ ఉద్యోగం వెలగబెడతావు?" తిప్పి తిప్పి చెప్పేదొకటే. నీ ఆట అయిపోయింది, లేచి వంటింట్లోకి నడు!

ఆ రోజు చుట్టరికం అడ్డొచ్చి మింగేసిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

ముందు ఈ ఆట గురించి రెండు ముక్కలు. బేస్‌బాల్ మన క్రికెట్‌కి దూరపు చుట్టం. గుండ్రటి కర్రతో బంతిని కొట్టి, మూడు బేసులు దాటి, బయల్దేరిన చోటికే తిరిగొస్తే ఒక పరుగు. ఆ చోటుని వాళ్ళు 'ఇల్లు' అనే అంటారు. "ఇంట్లోంచి బయల్దేరి ఇంటికే రావడానికి ఇంత హంగామానా? రోజూ నేను చేసే పనేగా అది!" అంది మా చెల్లెలు. ముగ్గురు అవుటైతే అవతలివాళ్ళ వంతు. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్సులు. ఇన్ని గంటలకల్లా ముగించాలన్న నియమం లేదు. ఆఖరివాడు అవుటయ్యేదాకా ఆట అయినట్టు కాదు.

ఒక్కో జట్టు ఏడాదికి 162 ఆటలాడాలి. మార్చి ఆఖర్న మొదలుపెడితే సెప్టెంబరు ఆఖరుదాకా ఇంచుమించు రోజూ ఆటే. మొత్తం 30 జట్లలో పైపోటీలకు వెళ్ళేవి 12. మిగిలిన 18 జట్లకీ ఏదో ఒక రోజున లెక్క తేలిపోతుంది. తేలిపోయినా సరే, మర్నాడు బట్టలు వేసుకుని మైదానంలోకి రావలసిందే.

నాకు ఈ ఆటలో నచ్చిన సంగతి ఇంకోటుంది. పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు సరిగ్గా కొట్టినవాణ్ణి అక్కడ గొప్ప ఆటగాడంటారు. పది రోజుల్లో ఏడు రోజులు మనం కూర మాడిస్తే, "పోనీలే, మూడు రోజులు బాగుందిగా" అనే మహానుభావుడు మీకెవరైనా తారసపడ్డాడా? స్కోరుబోర్డు మీద పరుగులు, కొట్టిన హిట్లు, చేసిన తప్పులు పక్కపక్కనే వేస్తారు. మన ఇళ్ళల్లో ఆ మూడోది మాత్రమే రాస్తారు. అదీ పెళ్ళయిన రోజు నుంచీ చెరపకుండా!

సరే, తేలిపోయిన ఆటలో ఏముంటుందన్నది కదా ప్రశ్న. 1941 సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియాలో జరిగింది వినండి. బోస్టన్ జట్టుకి అది ఆ ఏటికి ఆఖరి రోజు. ఆ లీగు కిరీటం న్యూయార్క్ యాంకీలు ఎప్పుడో తన్నుకుపోయారు. గెలిచినా ఓడినా బోస్టన్‌కి ఒరిగేదేమీ లేదు. ఆ జట్టులో టెడ్ విలియమ్స్ అనే 23 ఏళ్ళ కుర్రాడి సగటు అప్పటికి .39955. కాస్త సర్ది రాస్తే .400. అదంటే అక్కడ మహా ఘనత. కావాలంటే ఈ రోజుకి కూర్చో, నీ అంకె భద్రంగా ఉంటుంది అన్నాడు మేనేజరు. కుర్రాడు కూర్చోలేదు. ఒకే రోజు రెండు ఆటలూ ఆడి, 8 సార్లలో 6 హిట్లు కొట్టి, .406తో ఏడాది ముగించాడు. తేలిపోయిందని ఆ రోజు జనం రేడియోలు కట్టేసుకుని ఉంటే ఏం పోగొట్టుకునేవారో ఆలోచించండి.

ఇదంతా ఫోన్లో చెబితే మావారు కొట్టిపారేశారు. "లక్షలు లక్షలు ఇస్తారు, ఆడతారు. అందులో గొప్పేముంది?" అని. మంచి ప్రశ్నే. కానీ జీతం మనిషిని మైదానం దాకానే తీసుకొస్తుందండీ! 120 ఓడిన జట్టులో, ఎవరికీ అక్కర్లేని ఆటలో, అందని బంతి కోసం బోర్లాపడి మోచేతులు గీరుకోమని ఏ జీతమూ చెప్పదు. ఆ గీరుకోవడం కోసమే నేను చూస్తాను.

జీతం మాట వచ్చింది కాబట్టి బాల్టిమోర్ ఆటగాడు కాల్ రిప్కెన్ సంగతీ చెప్పాలి. 1995 సెప్టెంబరు 6న ఆయన వరసగా 2,131వ ఆట ఆడి, లూ గెరిగ్ పాత రికార్డు దాటాడు. ఆట ఆపేసి జనం 22 నిమిషాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తరవాత 1998లో తనంతట తానే ఒక రోజు కూర్చునేదాకా మొత్తం 2,632 ఆటలు, ఒక్కటి మానకుండా ఆడాడు. మహానుభావుడే, చేతులెత్తి దణ్ణం పెడతాను. పెడుతూ ఒక చిన్న లెక్క వేస్తాను. ఏడాదికి 365 రోజుల చొప్పున పొయ్యి వెలిగించే ఇల్లాలు ఎనిమిదో ఏడు తిరక్కుండానే ఆ అంకె దాటేస్తుంది. చప్పట్లు అక్కర్లేదు. ఒక రాత్రి ఆట చూస్తూ కూర్చుంటే "ఇంకేం చూస్తావు" అనకుండా ఉంటే చాలు.

ఆడవాళ్ళకి ఇదంతా ఎందుకనేవాళ్ళకి మరో మాట. అమెరికాలో నేషనల్ లీగు పుట్టింది 1876లో. ఆ పెద్ద లీగుల ఆటలో తీర్పు చెప్పడానికి ఒక ఆడమనిషి మైదానంలో అడుగుపెట్టింది 2025 ఆగస్టు 9న. జెన్ పావల్ ఆమె పేరు. అప్పటికి ఆమెకి 48 ఏళ్ళు. అంతకు ముందు దాదాపు పదేళ్ళు చిన్న లీగుల్లో, చిన్న ఊళ్ళల్లో తీర్పులు చెబుతూ తిరిగింది. నలభయ్యో ఏట ఎవరో "అయిపోయిందిగా" అంటే విని లేచిపోయి ఉంటే?

మళ్ళీ షికాగోకి వద్దాం. ఆ రాత్రి ఎనిమిదో ఇన్నింగ్సులో వైట్ సాక్స్ మూడు పరుగులు తీసి 3-2తో గెలిచారు! పిల్లాడు సోఫా ఎక్కి గంతులేశాడు. తరవాతి రెండు రోజులూ కూడా గెలిచారు. ఆపైన డెట్రాయిట్ వెళ్ళి 121వది ఓడి, రికార్డు నెత్తిన వేసుకున్నారు. అక్కడితో కూలబడతారనుకున్నారంతా. మిగిలిన రెండూ గెలిచారు! ఆఖరి ఆరింటిలో అయిదు గెలుపులు. లెక్కల పుస్తకంలో వాళ్ళు ఓడినవాళ్ళే, కాదనను. కానీ ఆ ఆరు రోజులూ చూసినవాళ్ళకి తెలుసు, ఆ కుర్రాళ్ళెవరూ అయిపోయినవాళ్ళు కాదు.

నిజం చెప్పాలంటే మగవాళ్ళ మీద కంటే నాకు మా చెల్లెలి మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆ రాత్రంతా గుమ్మం దగ్గర గరిటె పట్టుకుని నిలబడే చూసింది. కూర్చోవే అంటే, "వంట కానీ అక్కా" అంటుంది. మనల్ని ఎవరో లేపేయడం తరవాత సంగతి, అసలు మనం కూర్చుంటేగా! ఆట చూడటం కూడా పని చేస్తూ చూస్తేనే పాపం కాదనుకుంటాం. ఎనిమిదో ఇన్నింగ్సులో నేనే వెళ్ళి పొయ్యి కట్టేసి, దాని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాను.

ఆ రాత్రి తొమ్మిదిన్నర దాటాక, చల్లారిన చారు మళ్ళీ వేడి చేసుకుని అన్నాలు తిన్నాం. మా మరిదితో సహా ఎవరికీ ఏమీ కాలేదు.