ఇంటి ముచ్చట్లు: కారుకు కప్పు లేదు

మా ఇంట్లో అయిదుగురం. మేము కొన్న కారులో పట్టేది ఇద్దరే. ఇంత తెలివితక్కువ బేరం మా వంశంలో ఎవరూ చేయలేదని మా అమ్మగారి తీర్పు. దానిమీద అప్పీలు లేదు.

కారు పేరు శాన్ స్టార్మ్. 1998లో మన దేశంలోనే వెలువడిన స్పోర్ట్సు బండి. ఇంజను ఫ్రెంచివారి రెనో. ఒళ్ళు ఇనుపరేకు కాదు, ఫైబర్‌గ్లాసు. తుప్పు పట్టదు గదా అని మురిసిపోయి, ఇంటికప్పు బాగుచేయించడానికి పాడుకొన్న చీటీడబ్బు దానికి పోశాము. పైనున్న గుడ్డకప్పు చినిగింది, రంగు వెలిసింది. షెడ్డులో ఇవ్వడానికి చేతిలో డబ్బు లేదు. ఇంటి పెరట్లోనే రంగు వేయ పూనుకొన్నాము.

రంగు మారిస్తే ఆర్.సి.లో వ్రాయించుకోవాలి గనుక పాత ఎరుపే ఉంచాము. పాతరంగు ఊడదీసే మందు ఇనుముకు సరే గాని ఫైబర్‌గ్లాసును తినివేస్తుంది. అందుచేత వాటర్ పేపరుతో చేత్తో రుద్దవలసిందే. 320 నంబరుతో మొదలుపెట్టి 600 దాకా నాలుగు ఆదివారాలు పట్టింది. ఒక ప్రక్క మేము, రెండో ప్రక్క మా అబ్బాయి.

గట్టిపడే మందు కలిపే రంగులకు మెరుపు ఎక్కువే. కాని వాటిలోని ఐసోసైనేటు ఊపిరికి చేటు, ఇంటిదగ్గర తగదు. అందుకని ఎన్.సి. రంగు తెచ్చాము. అయిదవ ఆదివారం మబ్బు పట్టింది. కంప్రెసరు అద్దెకు తెచ్చినది, ఆగడానికి మనసొప్పలేదు, కొట్టేశాము. కాసేపటికి బానెట్టంతా విభూతి పూసినట్లు తెల్లబడింది. థిన్నరు ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ దానిమీద పేరుకొంటుంది. అదే మా కొంప ముంచింది.

ఆ రాత్రే వాన. గదిలో చినుకు పడేచోట గిన్నె పెడుతూ మా ఆవిడ, "ఇంటి కప్పు కారుతోంది, కారుకు కప్పు లేదు" అన్నది. చీటీ సంగతి ఆమె ఎత్తడం అదే మొదలు. మేము బదులు చెప్పలేదు.

మళ్ళీ రుద్ది, మంచి ఎండలో రెండోసారి కొట్టాము. ఈసారి నిలిచింది. తలుపు దగ్గర తొందరపడి సరిగా రుద్దనిచోటు మాత్రం ఇప్పటికీ కనబడుతుంది. రంగు లోపాన్ని కప్పుతుందని అనుకొనేవాళ్ళం. మెరిసేకొద్దీ బయటపెడుతుంది. ఆఫీసులో ఫైలుకు కొత్త అట్ట వేసినంతమాత్రాన లోపలి లెక్క కుదరదని తెలిసిన మాకే ఇది తోచలేదు.

మొదటి సవారి ఎవరిదని పిల్లలు పోట్లాడుకొంటూండగా, తీర్పు చెప్పిన మా అమ్మగారే తలకు కొంగు చుట్టుకొని వచ్చి కూర్చున్నారు. ఇంటికప్పుకు మళ్ళీ చీటీ వేశాము. ఈమారు పాసుబుక్కు మా ఆవిడ దగ్గర ఉన్నది.