కొర్రకు కంచంలో చోటు

కణేకల్ ప్రాంతంలో ఒక పూట కాలినడకన తిరిగిన బాటసారికి మూడు విధాల నేల ఎదురవుతుంది. తుంగభద్ర ఎగువ కాలువ నీటితో నిండే చెరువు కింద పచ్చని వరిమళ్లు మొదటిది. కాలువ నీరు ఎక్కని మెట్టమీద, ఆకాశం వంక చూస్తూ బ్రతికే వేరుశనగ చేలు రెండవది. వేదవతి ఒడ్డున ఏ పైరూ నిలువని ఇసుక మూడవది. ఆ నదిని ప్రజలు హగరి అంటారు. ఏడాదిలో అధికభాగం అది ఎండియే ఉంటుంది. ఆషాఢమాసపు గాలి దాని గర్భంలోని ఇసుకను ఎత్తి పొలాలమీద కుమ్మరిస్తుంది. కణేకల్, బొమ్మనహాళ్ మండలాల రైతులకు ఈ ఇసుక తరతరాల శత్రువు. దర్గాహొన్నూరు దిబ్బలను చూచినవారు అది ఆంధ్రదేశమని వెంటనే నమ్మలేరు.

మూడు నేలలకు మూడు స్వభావాలు ఉన్నవి. కాని ఈ సీమ ఆకలికి దేశం చూపిన మందు మాత్రం ఒక్కటే: బియ్యం. గిడ్డంగిలో బియ్యం నిండుగా ఉన్నది గనుక ఆహారభద్రత కుదిరినదని పాలకులు తృప్తి చెందుతున్నారు; చవుక ధరల దుకాణంలో బియ్యం దొరుకుతున్నది గనుక ప్రజలూ ఔనంటున్నారు. ఈ తృప్తి సగం మాత్రమే న్యాయమైనది. కడుపు నిండుట ఒక ఎత్తు. తాను నిలిచిన నేల తనకు తిండి పెట్టగలదన్న ధైర్యం ఇంకొక ఎత్తు. అనంతపురం మెట్టరైతు మొదటిదానిని కొంతవరకు సంపాదించుకొని, రెండవదానిని దాదాపు పోగొట్టుకొన్నాడు.

ఈ సీమకు వర్షం ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు పిండివేసిన తరువాత మిగిలిన తడి మాత్రమే ఇక్కడికి చేరుతుంది. ఈశాన్యపు వానలు తూర్పు తీరం దాటి ఇంతదూరం రావడానికి ముందే అలసిపోతాయి. ఆ కొద్దిపాటి వాన కూడా వేళకు పడదు. అందువల్లనే పూర్వులు జొన్న, సజ్జ, రాగి, కొర్ర, ఆరిక మొదలైన ధాన్యాలను నమ్ముకొన్నారు. ఎనభై తొంభై రోజులలో చేతికి వచ్చే కొర్ర, ఒక వాన తప్పినా మరొక వానతో కోలుకొనగలదు. వీటి పక్కసాళ్లలో కంది, అలసంద, అనుము, ఆముదం వేసేవారు. ఒకటి పోయినా మరొకటి నిలుస్తుందన్నది వారి లెక్క. ఆ లెక్కకు పుస్తకం లేదు. అనుభవమే దానికి గురువు.

అయితే గతాన్ని బంగారు యుగంగా చిత్రించడం అసత్యమవుతుంది. కొర్ర పండిన కాలంలోనే ఈ సీమ ఘోరమైన కరవులను చూచినది. 1876-78 నాటి మహాక్షామంలో, నేటి అనంతపురం సీమ చాలావరకు బళ్లారి జిల్లాలోనిదై ఉండగా, జనం గుంపులు గుంపులుగా నశించారు. రైలుదారి అప్పటికే ఈ సీమ గుండా పోయినది. ధాన్యం బస్తాలు కదిలినవి. కాని కొనే శక్తి ప్రజలకు లేదు. కరవు పనులలో మనిషికి రోజుకొక పౌను ధాన్యానికి సరిపడు కూలి చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించినాడు. మరల 1951-52లో రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు తెరవవలసి వచ్చినది. ఈ చరిత్ర తెలిసినవారెవరూ చవుక బియ్యాన్ని చులకన చేయజాలరు. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం ప్రారంభించినప్పుడు, మెట్టసీమ పేదల ఇళ్లలో పండుగనాటి అన్నం నిత్యాహారమైనది. అది చిన్న మేలు కాదు.

కాని ఆ మేలుతోపాటు మరొక మార్పు నిశ్శబ్దంగా జరిగిపోయినది. తిండిగింజలు దుకాణంలో దొరుకుతున్నప్పుడు చేనులో వాటికి చోటెందుకు? వేరుశనగ ఈ సీమకు పాత పంటయే. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ ఆరంభమై, నూనె ధరలు ఆశ పెట్టిన తరువాత అది పొలాలన్నిటినీ ఆక్రమించినది. ఒక దశలో అవిభక్త అనంతపురం జిల్లాలో దాని సాగు ఎనిమిది లక్షల హెక్టార్ల వరకు పోయినది. రైతు అవివేకి కాడు. పిల్లల చదువుకు, ఆడపిల్ల పెళ్లికి, వైద్యానికి రొక్కం కావాలి. కొర్ర రొక్కం ఇవ్వదు, వేరుశనగ ఇస్తుంది. తప్పు ఆ పంటను ఎన్నుకొనుటలో లేదు. తక్కినవన్నీ విడిచిపెట్టుటలో ఉన్నది.

ఒకే పంటను నమ్ముకొన్న నేలకు ఒకే దెబ్బ చాలును. ఊడలు దిగే వేళ వాన తప్పితే వేరుశనగ చేనులో ఆకు మిగులుతుంది గాని కాయ మిగలదు. 2000 సంవత్సరపు ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ తెగులు ఈ జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా పైరును పట్టి, మూడువందల కోట్ల రూపాయల నష్టం తెచ్చినది. బీళ్లలోను, గట్లమీదను విరివిగా పెరిగే వయ్యారిభామ మొక్కల పుప్పొడి ద్వారా, తామర పురుగుల సాయంతో ఆ వైరస్ వ్యాపించినదని శాస్త్రజ్ఞులు తేల్చారు. దగ్గర దగ్గరగా ఒకే పైరు ఉన్నందువల్ల తెగులుకు అడ్డుగోడ లేకపోయినది. పక్కసాళ్లలో జొన్న, సజ్జ వేయండని శాస్త్రజ్ఞులు తరువాత ఇచ్చిన సలహా, పూర్వులు అడుగకుండానే పాటించిన పద్ధతియే.

కాలువను పొడిగిస్తే చాలునని కొందరంటారు. కణేకల్ వరిమళ్లను చూచిన మెట్టరైతుకు ఆ కోరిక కలుగుట సహజం. దానిని అడుగుట అతని హక్కు కూడ. కాని నీటికి హద్దు ఉన్నది. బచావత్ ట్రిబ్యునల్ ఎగువ కాలువ ద్వారా ఆంధ్రకు కేటాయించినది 32.5 టి.ఎం.సి.లు. 1953లో నీరు నిలిపిన తుంగభద్ర జలాశయం శక్తి మొదట సుమారు 133 టి.ఎం.సి.లు, పూడిక చేరి, 2016 సర్వే నాటికి అది 106కు దిగినది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి పందొమ్మిదవ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడు, కాలువ చివరనున్న ప్రతి రైతు గుండె ఝల్లుమన్నది. కాలువ కిందివారికే నీరు నిశ్చయం కానప్పుడు, మెట్ట అంతటికీ వరి అన్నం దాని మీదనే ఆధారపడవలెననుట వివేకం కాదు.

ఇది ఒక్క అనంతపురం కథ కాదు. ఆఫ్రికా పడమటి తీరాన సెనెగల్ అనే దేశం ఉన్నది. ఫ్రెంచి పాలకులు అక్కడి రైతుల చేత ఎగుమతికై వేరుశనగ పండించి, వారి తిండికి ఇండోచైనా నుండి నూకలు దిగుమతి చేశారు. సజ్జ తిన్న జాతి క్రమంగా నూకలకు అలవాటుపడినది. 1960లో స్వాతంత్ర్యం వచ్చినది గాని కంచం మారలేదు. 2008లో ప్రపంచమంతటా బియ్యం ధర మండినప్పుడు డాకర్ నగర వీధులలో జనం ఆందోళన చేశారు. 2022 సెప్టెంబరులో భారతదేశం నూకల ఎగుమతిని నిషేధించినప్పుడు ఆ చిక్కు సెనెగల్ వంటి దేశాలకు తగిలినది. 2025లో నిషేధం తొలగినది. పాఠం మాత్రం మిగిలినది. తన తిండికి ఇతరుల గిడ్డంగిని నమ్మినవాడు ఇతరుల నిర్ణయాన్ని కూడ నమ్మవలసి ఉంటుంది. విచిత్రమేమంటే, అనంతపురంలో పండిన జొన్న, సజ్జ, రాగి మూడింటికీ ఆఫ్రికాయే పుట్టినిల్లు. పుట్టింటిలోను, మెట్టినింటిలోను వాటికి ఒకే గతి పట్టినది.

కొర్ర మరల చేనులోకి రావాలంటే ముందుగా కంచంలోకి రావాలి. అందుకు అడ్డు ఏమిటి? మొదటిది గౌరవం. బియ్యపు అన్నం కలవారి తిండి, సంగటి లేనివారి తిండి అన్న భావం లోపల పాతుకొనిపోయినది. చుట్టం వచ్చినప్పుడు కొర్రన్నం వడ్డించుటకు ఇల్లాలు సంకోచిస్తుంది. వంద గ్రాముల రాగిలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండగా, తెల్లని బియ్యంలో అది పది మిల్లీగ్రాముల దరిదాపే. అయినా పొరుగింటి పుల్లకూరకే రుచి. నేడు పట్టణాలలో ధనికులు చక్కెర వ్యాధికి జడిసి కొర్రలను హెచ్చు ధరకు కొనుచుండగా, వాటిని పండించిన సీమ వాటిని చూచి సిగ్గుపడుతున్నది.

రెండవ అడ్డు శ్రమ. దీనిని గురించి మాట్లాడేవారు తక్కువ. కొర్ర గింజకు పొట్టు గట్టిది. తెల్లవారుజామున లేచి రోటిలో దంచి, చెరిగి, అప్పుడు పొయ్యి వెలిగించిన తరాల స్త్రీలకు, దుకాణపు బియ్యం చేతులకు విశ్రాంతినిచ్చినది. ఆ రోకలిని మరల వారి చేతికిచ్చి సంప్రదాయాన్ని కాపాడండని బోధించుట అన్యాయం. ఊరికి దగ్గరలో పొట్టు తీసే చిన్న యంత్రం లేనిదే కొర్ర ఇంటికి తిరిగి రాదు. చెన్నేకొత్తపల్లి వద్ద టింబక్టు కలెక్టివ్ ఆధ్వర్యాన 2008లో ఏర్పడిన ధరణి సహకార సంఘం ఈ సంగతిని గ్రహించినది. రైతుల చిరుధాన్యాలను తామే కొని, శుద్ధిచేసి, అంగడికి పంపే మార్గం చూపినది.

మూడవది ధర. కేంద్ర ప్రభుత్వ మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నవి. కొర్ర, ఆరికలకు చోటు లేదు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టం బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలను కూడ పంచవచ్చునన్నది. చట్టంలో చోటున్నా మెట్టసీమ ప్రజల సంచిలో నిండినది బియ్యమే. పొరుగున ఉన్న ఒడిశా మాత్రం 2017లో చిరుధాన్యాల మిషన్ ఆరంభించి, రైతుల వద్ద రాగిని మద్దతు ధరకు కొని చవుక దుకాణాల ద్వారా పంచినది. అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు పెట్టినది. ఒడిశా గిరిజన సీమలో సాధ్యమైనది అనంతపురం మెట్టమీద అసాధ్యమనడానికి కారణం కనబడదు. బియ్యాన్ని తీసివేయనక్కరలేదు, దాని పక్కన కొర్రకు, రాగికి చోటిస్తే చాలును. కొనేవాడు నిశ్చయమైతే విత్తేవాడు తానే వస్తాడు. చేనులో రకరకాల పైరు ఉంటే నేలకు ఎక్కువ కాలం కప్పు ఉంటుంది. కప్పు ఉన్న నేలను ఆషాఢపు గాలి అంత సులభంగా ఎత్తుకొనిపోలేదు. హగరి ఇసుకకు కట్టగల గట్టులలో ఇదియు ఒకటి.

ఈ పని ఎక్కడ మొదలుకావాలి? బడిలో అనుటకు సందేహించనక్కరలేదు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్యాహ్న భోజన పథకంలో వారానికి మూడు రోజులు రాగిజావ ప్రవేశపెట్టినది. రాగిజావను పిల్లవాడు మందువలె మింగితే ప్రయోజనం కొంచెమే. ఈ రాగి తన తాత పొలంలో పండినది, తన నేలకు తగినది, సిగ్గుపడదగినది కాదు అని తెలిసి త్రాగితే ప్రయోజనం అధికం. ఆ తెలివిని ఇవ్వగలవాడు ఉపాధ్యాయుడు. అనంతపురం పేరు వినగానే కరవు సీమ అని వల్లించుట విద్యార్థికి అలవాటు. ఆ మాటతోపాటు, ఇంత తక్కువ వానలో ఇన్ని ధాన్యాలను పండించిన తెలివిగల సీమ అని కూడ అతడు నేర్చుకోవలసి ఉన్నది. బడి ఆవరణలో రెండు సాళ్ల కొర్ర, ఒక సాలు కంది విత్తి, ఏది ఎన్ని వానలకు నిలిచినదో పిల్లల చేత వ్రాయిస్తే, అంతకు మించిన వ్యవసాయ పాఠం ఏ పుస్తకంలోను దొరకదు.

కణేకల్ చెరువు నిండిన ఏడు వరి అన్నం తినుట సంతోషమే. నిండని ఏడు కూడ మెట్టరైతు ఇంట పొయ్యి వెలగాలి. ఆ రోజున అతని చేను అతనికి కొర్రన్నం పెట్టగలగాలి. ఆ అన్నాన్ని చుట్టం ముందు వడ్డించుటకు అతని ఇల్లాలు వెనుదీయకుండవలెను.