ఇది తెర కాదు, వల

తెలుగులో దోమలను ఆపేది దోమతెర. చేపలను పట్టేది వల. ఇంగ్లీషులో రెండింటికీ నెట్ అనే ఒకే మాట. మన డర్బన్ తీరంలో అందరినీ మోసం చేస్తున్నది ఆ మాటే.

గుడిలో చాలామంది నాతో అంటారు: "షార్క్ నెట్లు ఉన్నాయి కదండీ, పిల్లలకు భయం లేదు." వాళ్ల మనసులో ఉన్నది దోమతెర లాంటిది. నీళ్ల పైనుంచి అడుగు దాకా కట్టిన తెర. అలాంటిది అక్కడ లేదు. ఒక్కో వల పొడవు 214 మీటర్లు, ఎత్తు 6 మీటర్లే. సముద్రం అంతకంటే లోతు. సొరచేప వల కిందనుంచి రావచ్చు, పక్కనుంచీ రావచ్చు. కొన్ని ఒడ్డు దాకా వచ్చి, తిరిగి వెళ్తూ చిక్కుతాయి.

మరి 1952 నుంచి ఈ వలలు చేస్తున్న పని ఏమిటి? సొరచేపలను చంపడం. అవి తక్కువైతే దాడులు తక్కువ. 1957 డిసెంబరులో ఈ తీరంలో మనుషులు చనిపోయారు. ఆ భయం నిజం. తర్వాత దాడులు తగ్గాయి, అదీ నిజం. కానీ తెర అని నమ్మించి వల వేయడం న్యాయం కాదు. ఆ వలలో తాబేళ్లు, డాల్ఫిన్లు కూడా చిక్కి, ఊపిరి కోసం పైకి రాలేక చచ్చిపోతాయి.

ఉంకోమాస్ ఎదురుగా, ఒడ్డుకు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో అలివాల్ షోల్ అనే రాతి దిబ్బ నీళ్లలో మునిగి ఉంది. చలికాలంలో అక్కడ డైవింగ్ చేస్తే రాతి గుహల్లో రాగీ అనే సొరచేపలు కనిపిస్తాయి. నోటి బయటికి వంకర పళ్లు, చూస్తే గుండె ఝల్లుమంటుంది. కానీ మనం కదలకుండా ఉంటే మెల్లగా పక్కనుంచి వెళ్లిపోతాయి. వాటి తిండి చేపలు. ఒక కాన్పుకు రెండు పిల్లలకు మించి పుట్టవు. అలాంటి తల్లి వలలో చస్తే ఆ లోటు ఎప్పటికి తీరుతుంది?

నిజమైన తెర కేప్‌టౌన్ దగ్గర ఫిష్ హోక్‌లో ఉంది. సన్న కళ్లతో అల్లింది. పొద్దున కట్టి సాయంత్రం తీసేస్తారు. మన పెద్ద అలలకు అది ఆగదంటారు, ఒప్పుకుంటాను. కానీ మన దగ్గరే కొన్ని బీచుల్లో కొన్ని వలలు తీసి ఎర గుచ్చిన కొక్కేలు పెట్టారు. వాటికీ సొరచేపలు చస్తాయి, అది నాకు నచ్చదు. అయినా తాబేళ్లు, డాల్ఫిన్లు చాలావరకు బతుకుతాయి. మిగతా వలలు కూడా అలా మార్చాలి.

ఇంట్లో ఎవరైనా "నెట్ ఉంది కదా" అంటే, తెలుగులో అడగండి: "తెరా, వలా?"