రక్తం ఉచితం సరే, గుండె సంగతేమిటి?

తలసేమియా మేజర్‌తో పుట్టిన బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. లేకపోతే చిన్నతనంలోనే ప్రాణం పోతుంది. ఈ సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. శిబిరాలు పెడుతున్నారు, పేపర్లో ఫొటోలు వస్తున్నాయి. ఈ రోగుల నుంచి రక్తానికి డబ్బు తీసుకోవద్దని జాతీయ రక్తమార్పిడి మండలి 2014లోనే చెప్పింది. అంతటితో ప్రభుత్వాలు తమ పని అయిపోయిందనుకుంటున్నాయి. క్రమంగా రక్తం అందుతున్న రోగులను ఎక్కువగా బలి తీసుకుంటున్నది గుండె జబ్బు. దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఒక యూనిట్ రక్తంలో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన ఒంటికి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి వదిలించుకునే దారి లేదు. ఏడాదికి 20 యూనిట్లు ఎక్కితే 4 గ్రాములు చేరినట్టు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి ఒంట్లో ఉండే మొత్తం ఇనుమే 3, 4 గ్రాములు! మిగిలినదంతా కాలేయంలో, గ్రంథుల్లో, చివరికి గుండె కండరంలో పేరుకుంటుంది. గుండె లయ తప్పుతుంది, కండరం నీరసిస్తుంది. ఆయాసం, కాళ్ల వాపు బయటపడేసరికి పరిస్థితి చాలా దూరం వెళ్లిపోతుంది.

ఇది తప్పించలేని చావు కాదు. ఇనుమును బయటికి పంపే మందులున్నాయి. డెఫెరాక్సమిన్‌ను పంపుతో రాత్రంతా చర్మం కింద ఎక్కించాలి. డెఫెరిప్రోన్, డెఫెరాసిరాక్స్ నోటితో వేసుకునేవి. ఫెరిటిన్ పరీక్ష ఒక్కటే గుండెలోని ఇనుమును సరిగా చెప్పలేదు. దానికి టీ2 స్టార్ ఎంఆర్ఐ కావాలి. 20 మిల్లీసెకన్ల కంటే తక్కువ వస్తే గుండెలో ఇనుము చేరినట్టు, 10 కంటే తక్కువైతే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టు. బ్రిటన్‌లో 1999లో ఈ స్కాన్ వచ్చాక, దాన్ని బట్టి మందులు మార్చాక, ఇనుము వల్ల జరిగే మరణాలు కొద్ది ఏళ్లలోనే 71 శాతం తగ్గాయి.

మన వాడల్లో చూడండి. రక్తం ఎక్కించే రోజు తల్లి కూలి పోతుంది. పరీక్షల రోజు మళ్లీ పోతుంది. డెఫెరిప్రోన్ వాడితే తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి తరచూ రక్తపరీక్ష తప్పదు. స్కాన్ కోసం పట్నం వెళ్లాలి. చార్జీలకు అప్పు చేయాలి. ఆ నెల మందు ఆగిపోతే 'మందు సరిగా వాడలేదు' అని కేస్ షీట్‌లో రాసేస్తారు. పోయిన కూలి రాయడానికి అందులో గడి ఉండదు.

చట్టం కూడా సగంలోనే ఆగింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్‌లను వైకల్యాలుగా గుర్తించింది. సెక్షన్ 34 కింద ఇచ్చే 4 శాతం ఉద్యోగ రిజర్వేషన్‌లో మాత్రం వీటికి చోటివ్వలేదు. 2023లో షాడోల్‌లో మొదలైన సికిల్ సెల్ మిషన్ 7 కోట్ల మందికి పరీక్షలంటోంది. అది ప్రధానంగా ఆదివాసీ ప్రాంతాలను చూసి రూపొందింది. ఆదివాసులకు అది న్యాయంగా దక్కాల్సిందే. అయితే సికిల్ జన్యువు విదర్భ దళితుల్లోనూ ఉందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ఆ జబ్బు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెంచి గుండెను దెబ్బతీస్తుంది. దళితవాడకు కూడా పరీక్ష రావాలని అడగడం ఆదివాసుల వాటా లాక్కోవడం కాదు.

సమాచార హక్కు కింద జిల్లా ఆసుపత్రిని రెండు ప్రశ్నలు అడగవచ్చు. గత ఏడాది ఎన్ని నెలలు ఇనుము తగ్గించే మందు స్టాక్‌లో ఉంది? పదేళ్లు దాటిన తలసేమియా పిల్లల్లో ఎంతమందికి గుండె స్కాన్ చేయించారు?