చీటిగుడ్డ: పేరును, ప్రతిష్ఠయు

మనుష్యులకువలెనే మాటలకును ఉచ్చనీచదశలు గలవు. మన తీరమందలి రంగుల యద్దకపు బట్టను తెలుగువారు చీటిగుడ్డ యనిరి. ఆంగ్లేయులు చింట్జ్ అనిరి. ఐరోపా ధనికుల మందిరములలో తెరలుగను, శయ్యాస్తరణములుగను వెలసిన యా వస్త్రము పేరునుండియే 19వ శతాబ్దమున ఆంగ్లమందు ‘చింట్జీ’ యను విశేషణము పుట్టెను. దానికర్థము చౌకబారుది యని! గౌరవనామము నిందగా మారిన యీ చరిత్రము మనకు పాఠము కాదగియున్నది.

1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును బందరునకు వచ్చి వర్తకశాలలు నెలకొల్పిరి. వారి నాకర్షించిన సరకులలో వస్త్రములే ముఖ్యములు. ఉతికినకొలది వన్నె దేలు నీ బట్టలను చూచి ఐరోపీయులు మోహపడిరి. అచ్చటి నేతపనివారు బెదరిరి. తత్ఫలితముగా 1686లో ఫ్రాన్సు వీనిని నిషేధించెను. ఇంగ్లండు 1700లో దిగుమతిని అడ్డుటకును, 1720లో ధరించుటనే మాన్పుటకును చట్టములు చేసెను. స్వేచ్ఛావర్తకమును పిదప మనకు బోధించిన జాతి తన పనివారికి ముప్పు వాటిల్లినపుడు చట్టమునే యాశ్రయించెనని మఱువరాదు. ఫ్రాన్సు 1759లోను, ఇంగ్లండు 1774లోను నిషేధములను తొలగించిరి. అప్పటికి వారే అద్దకము నేర్చియుండిరి. కూర్డూ యను ఫ్రెంచి మతాచార్యుడు 1742లోనే మన రంగరుల పద్ధతిని లేఖామూలమున స్వదేశమున కెఱిగించియుండెను. 1783లో బ్రిటనున స్తంభయంత్రముతో బట్టల నచ్చొత్తు విధము వెలువడిన పిమ్మట చేతిపనికిని యంత్రమునకును పోటీ యెక్కడిది?

ఇంతకు నా విద్యయందలి మర్మమేమి? బట్టను కరక్కాయ రసమునను, గేదెపాలయందును తడిపి యెండబెట్టుదురు. ఇనుపముక్కలను బెల్లపునీట పులియబెట్టిన ద్రవము దానికి సోకగనే నల్లని గీత యేర్పడును. పటికనీరద్దినచోట చిరివేరు ఎఱ్ఱదనము నిలుచును. తక్కినచోటి రంగు ఉతుకులలో వదలిపోవును. రంగు బట్టపై పూసినది కాదు, పోగుతో పెనవేసికొన్నది. శ్రీకాళహస్తిలో కలముతో పురాణగాథలను వ్రాయుదురు. బందరు, పెడనలలో చెక్కయచ్చులతో అద్దుదురు. రెంటికిని నేడు కలంకారీ యను పారశీకనామమే చెల్లుచున్నది.

స్వాతంత్ర్యానంతరము కమలాదేవి చట్టోపాధ్యాయ ప్రభృతుల కృషివలన క్షీణించిన యీ విద్య మరల తలయెత్తెను. ఉభయస్థలముల పనికిని భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను నేటి ప్రమాదము వేఱొకటి. మరయంత్రముపై గడియలో వేలగజములు ముద్రించిన బట్టను అంగడిలో కలంకారీ యని విక్రయించుచున్నారు. నాడు పరదేశములు మన వస్త్రమును నిషేధించి పేరును మిగిల్చినవి. నేడు మనమే పేరును వాడుకొని వస్త్రమును చంపుచున్నాము. ఇందేది యెక్కువ ఘోరము?

మేము యంత్రమును దూషింపము. పేదవాడు చౌకబట్ట కొనుట నేరము కాదు. కాని యంత్రపుబట్టను యంత్రపుబట్ట యనియే యమ్మవలయును. పనివారును చిరివేరునకు బదులు రసాయనిక రంగు వాడినచో దానిని దాచరాదు. నమ్మకము చెడిన వెనుక గుర్తింపు పత్రము కాపాడజాలదు. ఇక కొనువారి ధర్మము మిక్కిలి సులభము. అంగడివానిని, “ఇది యెవరి చేతిపని? ఎచ్చటిది? అచ్చా, కలమా, మరయా?” యని యడుగుడు. సమాధానము చెప్పలేనివాని యొద్ద ఆ పేరునకు అధికమూల్య మీయకుడు.

చట్టములు గుర్తింపు నీయగలవు. అన్నము పెట్టునది కొనువాని వివేకమే. పరాయిభాషలో పడిపోయిన పేరును మనము నిలుపలేకపోవచ్చును. మన యింట, మన యంగడిలో, మన భాషలో ఆ పేరు మరల పడిపోకుండ కాపాడుట మాత్రము మన చేతిలోనే యున్నది.