మెట్ల మీద వదిలిన కార్డులు

1940లో ఫ్రాన్స్ మీద దండెత్తిన జర్మన్ సైన్యంలో ఒక సైనికుడు చనిపోయాడు. ఆ కబురు బెర్లిన్‌లోని వెడ్డింగ్ అనే కార్మికవాడలో ఉంటున్న అతని తోబుట్టువు ఎలీజ హాంపెల్‌కు చేరింది. ఎలీజ ఇళ్లల్లో పనిచేసి బతికిన మనిషి. ఆమె భర్త ఓటో ఫ్యాక్టరీ కార్మికుడు. ఇద్దరివీ పెద్ద చదువులు కావు. అప్పటిదాకా ఎలీజ నాజీల మహిళా సంఘంలో సభ్యురాలు కూడా. ఆ చావుతో ఆ ఇంట్లో ఏదో తెగిపోయింది. భార్యాభర్తలిద్దరూ కూర్చుని పోస్టుకార్డులు రాయడం మొదలుపెట్టారు.

విడివిడి అక్షరాలతో, వంకర గీతలతో, తప్పుల తడకగా రాసిన కార్డులవి. హిట్లర్ యుద్ధానికి సహకరించకండి, చందాలివ్వకండి, ఈ ప్రభుత్వాన్ని దించాలి అన్నదే వాటి సారం. వాటిని బెర్లిన్ భవనాల మెట్ల మీద, తపాలా పెట్టెల్లో వదిలి వచ్చేవారు. సుమారు రెండేళ్లలో 200కు పైగా కార్డులు రాశారు. దొరికినవాళ్లు చదువుతారు, పక్కవాళ్లకు చూపిస్తారు, చేతులు మారుతూ కార్డు ఊరంతా తిరుగుతుందని ఆశపడ్డారు. అలా జరగలేదు. దొరికినవాళ్లు దాదాపు అన్ని కార్డులనూ పోలీసులకు అప్పగించారు. 1942 శరత్కాలంలో హాంపెల్ దంపతులు దొరికిపోయారు. 1943 ఏప్రిల్ 8న బెర్లిన్‌లోని ప్లోట్సెన్‌జే జైల్లో ఇద్దరి తలలూ నరికారు.

నియంతృత్వాన్ని లోపలినుంచి ఎదిరించడం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. జర్మన్ ప్రతిఘటన అనగానే చాలామందికి 1944 జూలై 20న హిట్లర్ మీద జరిగిన హత్యాయత్నం గుర్తొస్తుంది. కర్నల్ స్టాఫెన్‌బర్గ్, చేతిసంచిలో బాంబు, తృటిలో తప్పిన గురి. ఆ కుట్రలో పాల్గొన్నవాళ్ల త్యాగం చిన్నది కాదు. అయితే వాళ్లకు హోదా ఉంది, సైన్యంలో పరిచయాలున్నాయి, గెలిస్తే నిలబెట్టాల్సిన ప్రభుత్వం గురించి ఒక ఆలోచన ఉంది. ఓటో, ఎలీజల దగ్గర కలం, సిరా, అట్టముక్కలు తప్ప మరేమీ లేవు.

ఆ కార్డులను అప్పగించినవాళ్లు ఎవరు? వాళ్లందరూ నాజీ భక్తులు కాకపోవచ్చు. భయపడ్డవాళ్లు చాలామంది ఉండి ఉంటారు. అలాంటి కార్డు చేతిలో ఉందని తెలిస్తే ప్రాణానికే ముప్పు. ఇది ఉచ్చేమో, నన్ను పరీక్షిస్తున్నారేమో అన్న అనుమానం ఉండనే ఉంటుంది. అప్పగిస్తే పీడ విరగడవుతుంది. ఈ లెక్క ఒక్కొక్కరూ విడివిడిగా వేసుకున్నారు. ఆ లెక్కలన్నీ కలిసే నియంత బలమయ్యాయి. కోట్ల జనాభాతో పోలిస్తే నాజీల రహస్య పోలీసు విభాగమైన గెస్టపో సిబ్బంది కొద్దిమందే. ఆ తర్వాత చరిత్రకారులు మిగిలిన ఫైళ్లు తిరగేసి చూస్తే, ఎన్నో కేసులు పౌరులు తమంతట తాము ఇచ్చిన ఫిర్యాదులతోనే మొదలైనట్టు తేలింది. పక్కింటివాళ్లు, తోటి ఉద్యోగులు, ఒక్కోసారి సొంత బంధువులు. కొందరికి సిద్ధాంతం, ఇంకొందరికి పాత పగలు, మరికొందరికి ఖాళీ అవబోయే ఇల్లు.

ఎల్‌ఫ్రీడె షోల్ట్స్ కథ దీనికి సాక్ష్యం. డ్రెస్డెన్‌లో బట్టలు కుట్టుకుని బతికే ఆమె, యుద్ధం ఓడిపోయినట్టే అని నోరు జారింది. తెలిసినవాళ్లే ఫిర్యాదు చేశారు. ఆమె అన్న ఎరిక్ మరియా రెమార్క్. మొదటి ప్రపంచ యుద్ధం మీద అతను రాసిన నవలను నాజీలు 1933లో మంటల్లో వేశారు. అతను అప్పటికే దేశం దాటాడు. అన్న మాకు దొరకలేదు, నువ్వు మాత్రం తప్పించుకోలేవు అన్నట్టుగా జడ్జి రోలాండ్ ఫ్రైస్లర్ ఆమెతో అన్నాడంటారు. 1943 డిసెంబర్ 16న ఆమెను చంపారు. విచారణకు, జైలుకు, తల నరికినందుకు అయిన ఖర్చు 495.80 మార్కులంటూ ఆమె సోదరి ఎర్నాకు బిల్లు పంపారు. ఇలాంటి బిల్లులు ఎన్నో కుటుంబాలకు వెళ్లాయి. మనిషిని చంపడం ఆఫీసు పనిగా మారిపోయిన చోట గుమాస్తా తన లెక్క తాను సరిచూసుకున్నాడు.

పోలండ్‌లోనో ఫ్రాన్స్‌లోనో నాజీలను ఎదిరించినవాళ్లు పడ్డ బాధలు తక్కువేమీ కాదు. అయితే వాళ్ల శత్రువు పరాయివాడు. వాళ్లను దాచిపెట్టే ఊళ్లున్నాయి. చనిపోతే వీరులని తలుచుకునే జాతి ఉంది. జర్మన్ ప్రతిఘటనకారుడు మాత్రం తన దేశం ఓడిపోవాలని కోరుకోవాలి. ఓడిపోవాల్సిన ఆ సైన్యంలో తన తమ్ముడో, తన బడి స్నేహితుడో ఉంటాడు. ఈ కోరికను ఎవరితో చెప్పుకోగలం? ఇంట్లో పిల్లల ముందు కూడా నోరు విప్పలేని పరిస్థితి, ఎందుకంటే పిల్లలు హిట్లర్ యువదళంలో ఉన్నారు. సొంత గడ్డ మీద పరాయివాడై బతకడానికి కావలసిన ధైర్యం వేరు. సాహిత్యం దాన్ని ఇంకా పూర్తిగా అందుకోలేదని మా నమ్మకం.

గేయోర్గ్ ఎల్జర్ అనే వడ్రంగి ఆ ఒంటరితనాన్ని కడదాకా మోశాడు. యుద్ధం తప్పదని 1938లోనే అతనికి అర్థమైంది. హిట్లర్ ఏటా నవంబర్ 8న మ్యూనిక్‌లోని ఒక బీరు హాల్లో ప్రసంగిస్తాడని తెలుసు. 1939లో ముప్పైకి పైగా రాత్రులు ఆ హాల్లో దాక్కుని, వేదిక వెనకున్న స్తంభాన్ని చేత్తో తొలిచి, తాను తయారుచేసిన బాంబును అందులో అమర్చాడు. ఆ రాత్రి పొగమంచు వల్ల హిట్లర్ విమానం మానుకుని రైలుకు బయల్దేరాడు, మామూలుకన్నా ముందే ప్రసంగం ముగించాడు. అతను వెళ్లిన 13 నిమిషాలకు బాంబు పేలింది. ఎనిమిదిమంది చనిపోయారు. వాళ్లలో అక్కడ పనిచేసే ఒక స్త్రీ కూడా ఉంది. ఆ చావును పక్కకు తోసి ఎల్జర్‌ను పొగడలేం. అతన్ని పొగడకుండానూ ఉండలేం. సరిహద్దు దగ్గర పట్టుబడిన అతన్ని ఐదేళ్లకు పైగా బంధించి, 1945 ఏప్రిల్ 9న, యుద్ధం ముగియడానికి నెల రోజుల ముందు, డాకౌ నిర్బంధ శిబిరంలో చంపారు. ఒక వడ్రంగి ఇదంతా ఒక్కడే చేశాడంటే ఎవరూ నమ్మలేదు. బ్రిటన్ మనిషి అన్నారు, నాజీలే ఆడించిన నాటకం అన్నారు. అతని విచారణ పత్రాలు 1960లలో బయటపడ్డాకే అతనికి న్యాయం జరగడం మొదలైంది.

మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో 1943 ఫిబ్రవరి 18న నాజీ వ్యతిరేక కరపత్రాలు వెదజల్లిన అన్నాచెల్లెళ్లు హాన్స్ షోల్, సోఫీ షోల్ గురించి ఈ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నాలుగు రోజుల తర్వాత వాళ్లనూ, వాళ్ల మిత్రుడూ ముగ్గురు పిల్లల తండ్రీ అయిన క్రిస్టోఫ్ ప్రోబ్స్ట్‌నూ విచారించి అదే రోజు చంపారు. సోఫీకి 21 ఏళ్లు. అదే విశ్వవిద్యాలయంలో విద్యార్థుల సభ జరిగింది. అన్నాచెల్లెళ్లను పట్టిచ్చిన కాపలాదారును వేదిక మీద నిలబెట్టి వందలమంది విద్యార్థులు చప్పట్లు కొట్టారు. సోఫీ ధైర్యంతో పాటు ఈ చప్పట్ల గురించి కూడా పిల్లలకు చెప్పాలి. ఆ చప్పట్లు తెలియకపోతే ఆమె ఎవరికి ఎదురు నిలిచిందో అర్థం కాదు.

యుద్ధం ముగిసింది. ఇక గౌరవాలు దక్కి ఉండాలి. కానీ 1950లలో పశ్చిమ జర్మనీలో చాలామందికి జూలై 20 కుట్రదారులు ద్రోహులుగానే కనిపించారు. ఆ తిరుగుబాటును బెర్లిన్‌లో అణచిన అధికారి ఓటో రేమర్ బహిరంగ సభల్లోనే ఆ మాట అన్నాడు. 1952లో బ్రౌన్‌ష్వైగ్ కోర్టులో అతని మీద కేసు నడిపిన ప్రాసిక్యూటర్ ఫ్రిట్స్ బవర్. ఆయన యూదుడు, నాజీల నిర్బంధ శిబిరం చూసినవాడు. రోజూ వేలమందిని చంపే ప్రభుత్వాన్ని ఎదిరించే హక్కు ప్రతి మనిషికీ ఉంటుందని వాదించాడు. నాజీ రాజ్యం చట్టబద్ధ రాజ్యం కాదని కోర్టు ఒప్పుకుంది. రేమర్‌కు పడిన శిక్ష మూడు నెలలు, దాన్నీ అనుభవించకుండా దేశం విడిచి పారిపోయాడు.

రెమార్క్ 1952లో వచ్చిన తన నిర్బంధ శిబిరం నవలను చెల్లెలు ఎల్‌ఫ్రీడెకు అంకితమిచ్చాడు. జర్మన్ ప్రచురణలో ఆ అంకితం లేదు. ఎల్‌ఫ్రీడెకూ హాంపెల్ దంపతులకూ మరణశిక్ష వేసిన నాజీ 'ప్రజా న్యాయస్థానం' ఐదు వేలకు పైగా మరణశిక్షలు విధించింది. పశ్చిమ జర్మనీలో ఆ కోర్టు జడ్జీల్లో ఒక్కరికి కూడా శిక్ష ఖరారు కాలేదు. ఆ తీర్పులన్నిటినీ మొత్తంగా రద్దు చేసే చట్టం 1998లో వచ్చింది. 'యుద్ధ ద్రోహం' పేరుతో చంపిన వాళ్ల మీద మచ్చ పోవడానికి 2009 దాకా పట్టింది. ఈ ఆలస్యాన్ని మేము క్షమించలేం.

ఇక్కడ సాహిత్యం చేసిన ఒక మేలును చెప్పుకోవాలి. హాంపెల్ దంపతుల గెస్టపో ఫైలు యుద్ధం తర్వాత కవి యోహానెస్ బెహర్ చేతికి వచ్చింది. ఆయన దాన్ని నవలాకారుడు హాన్స్ ఫలాడాకు ఇచ్చాడు. ఫలాడా నాజీ కాలమంతా జర్మనీలోనే ఉండి, రాజీలు పడి బతికినవాడు. తాను ఎదిరించలేదు కాబట్టి ఎదిరించినవాళ్ల గురించి రాయనని మొదట వెనకాడాడు. ఆ తర్వాత 1946 చివర్లో కొద్ది వారాల్లోనే పెద్ద నవల రాశాడు. అచ్చు చూసుకోకుండానే 1947 ఫిబ్రవరిలో చనిపోయాడు. నవలలో సోదరుడి చావును కొడుకు చావుగా మార్చాడు. చివరిదాకా ఒకరికొకరు నిలబడ్డ దంపతులుగా చూపించాడు. అసలు ఫైల్లో అలా లేదు. చావు దగ్గరపడ్డాక క్షమాభిక్ష అర్జీల్లో ఓటో, ఎలీజ తప్పును ఒకరి మీదికి ఒకరు నెట్టుకున్నారు. నవలాకారుడి మార్పును మేము తప్పుబట్టం. కానీ అసలు ఓటో, అసలు ఎలీజ మాకు ఇంకా ఎక్కువ ఇష్టం. చావంటే వణికిన ఇద్దరు మామూలు మనుషులు రెండేళ్లపాటు ఆ వణుకును అదిమిపెట్టి మెట్లెక్కారు. ఒక్కో కార్డు వదిలి దిగివచ్చేటప్పుడు వాళ్ల కాళ్లు ఎంత బరువెక్కి ఉంటాయో ఊహించండి.

చదువుల కోసం, ఉద్యోగాల కోసం జర్మనీ వెళ్లిన తెలుగు యువత ఇప్పుడు వేలల్లో ఉంది. జర్మన్ నేర్చుకుని, ఆ దేశపు పత్రాలను నేరుగా చదవగల తరం మనకు వచ్చింది. వాళ్లకు మా విన్నపం ఇది. మ్యూనిక్ విశ్వవిద్యాలయం ముందు నేల రాళ్లలో పొదిగిన షోల్ కరపత్రాలను చూడండి. బెర్లిన్‌లో స్టాఫెన్‌బర్గ్‌ను కాల్చిన భవనంలోనే జర్మన్ ప్రతిఘటన స్మారకం ఉంది, ప్లోట్సెన్‌జేలో మరొకటి ఉంది. రెండు చోట్లా ప్రవేశం ఉచితం. అక్కడ పేరుమోసిన అధికారుల గదుల దగ్గరే ఆగిపోకండి. కుట్టుపని చేసుకున్నవాళ్లను, వడ్రంగులను, కార్డులు రాసినవాళ్లను వెతకండి. వాళ్ల గురించి తెలుగులో రాసి మాకు పంపండి. ఈ పత్రికలో వాటికి చోటు ఎప్పుడూ ఉంటుంది.